శౌరయ్య ముట్టని డప్పు

మా విచారణలో, అంటే మా ఫాదర్‌గారి కింద ఉన్న నాలుగైదు ఊళ్లలో, మొట్టమొదట జ్ఞానస్నానం పొందినవాడు శౌరయ్య. ఆ సంగతి ఎవరూ మరచిపోకుండా ఆయనే చూసుకునేవాడు. నెక్కొండ స్టేషన్‌లో దిగి, గుడి బడిలో పంతులుగా చేరడానికి నేను ఆ ఊరు వెళ్లిన రోజున, నెత్తి మీది పెట్టె దించకముందే ఎదురొచ్చి, "సారూ, ఈ ఊళ్లె ముందుగాల నీళ్లు పోయించుకున్నది నేనే" అన్నాడు.

ఆదివారం పూజకు అందరికన్నా ముందొచ్చి ముందు చాప మీద కూర్చునేవాడు. వానాకాలం రాకముందే గుడి మీది పెంకులు సర్దేది ఆయనే. జపమాల ఎవరైనా గబగబా చదివేస్తుంటే గట్టిగా దగ్గి ఆపేదీ ఆయనే. నిజం చెప్పొద్దూ, అంత భక్తి నాకు అప్పుడప్పుడు చిరాకు తెప్పించేది. మనిషి మాత్రం బంగారం.

ఆయనకు గిట్టనిది ఒక్కటే, డప్పు. పెండ్లి ఊరేగింపు ఎదురై డప్పు చప్పుడు వినపడిందంటే రోడ్డు దిగి పొలంలోకి పోయేవాడు. విచిత్రమేమంటే, డప్పు వాళ్ల కులవృత్తి. తాత, తండ్రి డప్పు కొట్టే బతికారు. తమ్ముడు కట్టయ్య డప్పు కొడితే చూడడానికి పక్క ఊళ్ల నుంచి జనం వచ్చేవారు. అన్నదమ్ముల ఇండ్ల మధ్య ఉన్నది ఒక్క గోడే. మాటలు మాత్రం లేవు.

ఎందుకని అడిగితే శౌరయ్య చెప్పలేదు. ఆయన భార్య మరియమ్మ చెప్పింది. 1955లో, ఆయన ఇంకా మొగిలిగా ఉన్నప్పుడు, సైకిల్ మీద ఊరూరా తిరిగే విదేశీ ఫాదర్ ఒకాయన జ్ఞానస్నానమిచ్చి శౌరయ్య అని పేరు పెట్టాడు. వచ్చీరాని తెలుగులో, "జాతరలో డప్పు వద్దు" అన్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా! మనవాడు మర్నాడే తన డప్పు తీసుకుపోయి తమ్ముడి గోడకు తగిలించి వచ్చాడు. జాతరే కాదు, పెండ్లికీ చావుకీ కూడా ఇక ముట్టనన్నాడు.

మూడేండ్లకు తండ్రి పోయాడు. తండ్రి మతం మారలేదు. ఇంట్లో పెద్దవాళ్లు పోతే పెద్దకొడుకు మొదటి దెబ్బ వేయాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు అందుకోవాలి. అది వాళ్ల ఇంటి ఆనవాయితీ. శౌరయ్య పాడె మోశాడు, గొయ్యి తవ్వాడు, గుండెలు బాదుకుని ఏడ్చాడు. డప్పు మాత్రం ముట్టలేదు. కట్టయ్య దాన్ని అన్న ముందుకు చాపి చాలాసేపు నిలబడి, చివరికి తానే మొదటి దెబ్బ వేశాడు. ఆ రోజుతో మాటలు పోయాయి.

1980లో మా విచారణకు రజత జూబిలీ వచ్చింది. అప్పటి మా ఫాదర్ జోజప్పగారు మన జిల్లా మనిషే, వయసులో ఉన్నవాడు. జూబిలీ అంటే గోడలకు సున్నం కొట్టి, బూరెలు పంచుకోవడం కాదని, ఎవరితో పడకపోతే వాళ్లతో కలవమని నెలల ముందు నుంచే ప్రతి పూజలోనూ చెబుతూ వచ్చారు. సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి జపమాల చెప్పించారు. ఏండ్ల తరబడి గుడి మెట్టెక్కనివాళ్లు ఎక్కారు. గట్టు తగాదాలో కొట్టుకున్నవాళ్లు ఒకే చాప మీద కూర్చున్నారు. ఊరు మెల్లగా మెత్తబడడం నేను కళ్లారా చూశాను. శౌరయ్య ఇంటి గోడకు అటూ ఇటూ మాత్రం ఏమీ కదల్లేదు.

పండుగ ఏర్పాట్లు మాట్లాడుకునే రోజున ఫాదర్ అన్నారు: "ఊరేగింపుకు మన డప్పులే ఉండాలె. మన దేవునికి మన సప్పుడు ఇనపడొద్దా?"

శౌరయ్య చటుక్కున లేచాడు. "డప్పు పాపం ఫాదర్. వరంగల్ నుంచి బ్యాండు మాట్లాడుదాం."

"పాపమని ఎవరన్నరు?"

"నాకు నీళ్లు పోసిన ఫాదరే."

"ఆయన ఏమన్నడో ఉన్నదున్నట్టు చెప్పు."

శౌరయ్య అబద్ధమాడే మనిషి కాదు. "జాతర్ల వద్దన్నడు" అన్నాడు.

"మరి పెండ్లిల? సావుల?"

ఆ ఇంటి పాత సంగతి ఫాదర్‌కు ఎవరూ చెప్పలేదు, ఆయన మామూలుగానే అడిగారు. తెలిసినవాళ్లం మేము తలలు దించుకున్నాం. శౌరయ్య కూర్చుండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే నా గదికి వచ్చాడు. "సారూ, జర తోడు రా. కట్టయ్య దగ్గరికి పోతాన." గోడ అవతలికి పోవడానికి తోడెందుకని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

కట్టయ్య వాకిట్లో కూర్చుని డప్పుకు తోలు బిగిస్తున్నాడు. "పంతులు సారు వచ్చిండు, పీట తెండ్రి" అని ఇంట్లోకి కేకేశాడు. పీట ఒక్కటే వచ్చింది.

"తమ్మీ, గుడి పండుగకు డప్పు కావాలె" అన్నాడు శౌరయ్య, నిలబడే.

"నాయిన పోయినప్పుడు లేవని చెయ్యి నీ పండుగకు లేస్తదా?"

"తప్పు జేసిన. నాయిన కాడ కొట్టొద్దని నాకు ఎవ్వలూ చెప్పలే. నాకు నేనే చెప్పుకున్న."

కట్టయ్య చేతిలో పని ఆగింది. "గా మాట నాకెందుకు? నాయినకు చెప్పు" అన్నాడు.

ముగ్గురం వాళ్ల నాయినను పూడ్చిన బొందలగడ్డకు నడిచాం. అక్కడ కట్టయ్య గడ్డి మంట వేసి, డప్పు కాచి, అన్న భుజాన తగిలించాడు. శౌరయ్య కొట్టాడు. దరువు కుదరలేదు. మళ్లీ కొట్టాడు, మళ్లీ తప్పింది. "యాదికొస్తలేదు తమ్మీ" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కట్టయ్య దెప్పుతాడనే అనుకున్నాను, తగినంత కోపం ఉంది కదా! ఆయన అన్న వెనక్కి వెళ్లి, రెండు చేతుల మణికట్లూ పట్టుకుని, పిల్లలకు నేర్పినట్టు ఆ చేతులతోనే చావు దరువు మొదటి నుంచీ కొట్టించాడు. నేను దూరంగా జరిగి నిలబడ్డాను.

తిరిగి వస్తుంటే వాడ మలుపులో కట్టయ్య, "అన్నా, మీ పండుగ ఎన్నడు?" అని అడిగాడు.

జూబిలీ రోజున జనం ఇసుక వేస్తే రాలనంతగా వచ్చారు. మొదటి విశ్వాసి కాబట్టి ఊరేగింపు ముందు శిలువ మోసే గౌరవం శౌరయ్యకే ఇవ్వాలని ఫాదర్ అనుకున్నారు. ఊళ్లో ముందు నీళ్లు పోయించుకున్నది తానేనని ఇరవై అయిదేండ్లు చెప్పుకున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి? కానీ బయలుదేరే వేళకు ఆయన ముందు వరసలో లేడు. వెతికితే వెనక, డప్పులవాళ్ల మధ్య, భుజాన డప్పుతో ఉన్నాడు. ఫాదర్ స్వయంగా వచ్చి పిలిచారు.

"శిలువ ఎవలైనా మోస్తరు ఫాదర్" అన్నాడు శౌరయ్య. "మా తమ్ముని పక్కన నడిచేటోన్ని నేనొక్కన్నే."

ఫాదర్ శిలువ తెచ్చి నా చేతిలో పెట్టారు. ముందు నడుస్తున్న నాకు అన్నదమ్ములు కనబడలేదు, వినబడ్డారు. ఒక డప్పు మాటిమాటికీ దరువు తప్పేది. తప్పినప్పుడల్లా రెండోది ఆగి, దానికోసం చూసి, మళ్లీ కలుపుకుని పోయేది. చేతుల్లో శిలువ ఉండడంతో గుడి చేరేదాకా కళ్లు తుడుచుకోవడానికి కూడా నాకు వీలు కాలేదు.