మా మామ ఎంచిన పవర్ సప్లై

మా మామగారు పోయారని దవాఖాన నుంచి ఫోన్ వచ్చి పది రోజులైంది. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఆయన ఎంత నెమ్మదస్తుడో చెబుతున్నారు. నేను తలూపుతున్నాను. నిజం చెప్పాలంటే, కోడలిగా వచ్చాక ఈ ఇంట్లో నన్ను ఆయన విసిగించినంతగా ఇంకెవరూ విసిగించలేదు.

ఆయన లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నేను మెదక్‌లో మా ఇంటి ముందుగదిలోనే పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. నాలుగేళ్ళ కింద పాత కంప్యూటర్ మొరాయిస్తే, విడిభాగాలు కొని కొత్తది నేనే బిగించుకుందామని జాబితా రాసుకున్నాను. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు అన్నీ మంచివే. అట్టడుగున, వాటన్నిటికీ కరెంటు పంచే పవర్ సప్లై, ఏదో ఒకటి చాలనుకున్నది. ఆయన వేలు సరిగ్గా అక్కడే పెట్టారు.

"గిది ముందు రాయాలె బిడ్డా. పొయ్యి మంచిగ లేకుంటే ఎన్ని గిన్నెలు కొంటే ఏం ఫాయిద?"

అక్కడితో ఆగితే బాగుండేది. చూసి తిరిగిస్తామని షాపు నుంచి తెచ్చిన సప్లైని కిరాణా కొట్టుకు పట్టుకెళ్ళి కాంటా మీద పెట్టించారు. "బరువు లేనిదాన్ల సరుకుండదు" అన్నారు. ఇంటికొచ్చి భూతద్దంతో దాని మీది చీటీ చదివారు.

"పైన ఐదు వందల వాట్లని రాసిండు. లోపలి సామాను ఎక్కువ నడిచేది పన్నెండు వోల్టుల మీద. గాడ పద్దెనిమిది ఆంపులే ఇస్తనంటుండు. పన్నెండు పద్దెనిమిదుల ఎంత?"

"రెండొందల పదహారు."

"మరి కడమ వాట్లు ఏడబోయినయి?"

"మామా, పెళ్ళిళ్ళ సీజన్ పోతున్నది. ఏదో ఒకటి చెప్పుండ్రి!"

"తొందర పడకు. మన గల్లీల వోల్టేజీ ఎట్లుంటదో నాకెర్క."

మూడు వారాలు ఇదే వరస. చివరికి ఓపిక నశించి, ఆయన ఏడుపాయల గుడికి పోయిన రోజు చూసి, ఆ ఐదు వందల వాట్లదాన్నే కొని బిగించేశాను. ఆరో రోజు మధ్యాహ్నం, కుల్చారం పెళ్ళి వీడియో చేస్తుండగా వోల్టేజీ ఒక్కసారి ఎగిరింది. ఠప్పున చప్పుడు, కాలిన వాసన. సప్లైతో పాటు హార్డ్ డిస్కూ పోయింది. కెమెరా కార్డులు అప్పటికే ఒక్కటి తప్ప అన్నీ ఖాళీ చేసి ఇంకో పెళ్ళికి పంపేశాను. ఆ ఒక్కదాంట్లో తాళి కట్టడం మిగిలింది. అప్పగింతలు మొత్తం పోయాయి.

నేను స్క్రూడ్రైవర్ తీయగానే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"సప్లై ఇప్పకు. ప్లగ్గు గుంజినా లోపల కరెంటు నిలిచి ఉంటది."

 

మర్నాడు పెళ్ళికూతురి తండ్రికి చెప్పడానికి కుల్చారం బయల్దేరితే, మామ కూడా బస్సెక్కారు. వద్దన్నా వినలేదు. వాళ్ళింట్లో నేను నోరు తెరవకముందే ఆయన చేతులు జోడించారు.

"తప్పు నాది పటేలా. ఏండ్లకేండ్లు కరెంటు పని చేసినోణ్ణి. కంప్యూటర్‌కు ఆ సప్లై నేనే ఎంచిన. అది కాలి మీ బిడ్డ అప్పగింతల వీడియో పోయింది. పిల్లనేమనకుండ్రి."

ఆ తండ్రి మంచినీళ్ళు తెప్పించి, "ఉన్నకాడికే మంచిగ చేసియ్యి బిడ్డా" అన్నాడు నాతో.

నేను మామ ముఖం చూడలేకపోయాను. చూసే తీరికా ఆయన ఇవ్వలేదు. తిరుగు బస్సులో కూర్చోగానే మొదలుపెట్టారు. "జర ఆగుమంటే ఆగినవా? ఆగలే. నీకు నా మాటంటే లెక్కనే లేదు." మెదక్ దాకా అదే, వెనక సీటువాళ్ళు కూడా వినేలా. ఆ వారమే ఆయన ఎంచిన ఆరొందల యాభై వాట్లది కొన్నాం. ఇవాళ్టికీ దాని మీదే నా పని నడుస్తోంది.

కుల్చారం నుంచి వచ్చిన ఆ రోజు బస్టాండులో ఆయన ముందు దిగారు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ బస్సు పక్కనే ఆగిపోయాను. ఆయన చూసుకోలేదు. నేను వెంటే ఉన్నాననుకుని, చేతులు తిప్పుతూ, నన్ను తిడుతూ, ఒక్కరే రోడ్డు దాటి వెళ్ళిపోతున్నారు.