మామ వదులుకున్న షెడ్డు

మా మామ చనిపోయాడని సోమవారం పొద్దున పెద్ద దవాఖాన నుంచి కబురు వచ్చింది. అప్పుడు నేను మగ్గం మీద ఉన్నాను. చేతిలో ఉన్న పోగు ముడివేసి లేచాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. కొత్తవాడలో, మా ఇంట్లోనే ఉండి జంపఖానాలు నేసేవాడు. మీ ఇంట్లో పెళ్లికి పరిచింది ఆయన నేసిందే కావచ్చు. వెడల్పు జంపఖానాకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. మూడో తరగతిలో నా బడి ఆగినప్పటి నుంచి ఆ రెండో మనిషిని నేనే. నాకు నలుగురిలో నోరు పెగలదు. బేరానికి ఎవరైనా వస్తే తల వంచేసుకుంటాను. మామ ఒక్కసారి కూడా కోప్పడలేదు. "మా అల్లుడు చేతులతోటే మాట్లాడ్తడు. జర జంపఖానా దిక్కు చూడుండ్రి" అనేవాడు.

రంగు నూలు తగ్గితే మామ లేచేవాడు కాదు. గోడ వైపు తిరిగి అరిచేవాడు. గోడ అవతల నూలుకు రంగులు వేసే ఆయన ఉంటాడు. వరసకు మామకు బావ.

"బావా, ఎరుపు అయిపోవట్టింది. ఉన్నవా, సచ్చినవా?"

"నీ జంపఖానా మీద ఒక్కసారన్న పండుకోకుంట ఎట్ల సస్త బామ్మర్దీ!"

ఆయన వచ్చి మగ్గం ముందు నిలబడి, నేసిన ఎరుపును కాసేపు చూసి వెళ్లేవాడు. ఆయన వేసిచ్చే రంగు దానితో కలిసిపోయేది.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక ఆఫీసరు మా గల్లీకి వచ్చాడు. ఊరవతల సర్కారు షెడ్లు కట్టిందని, మగ్గాలన్నీ ఒకచోట ఉంటే జిల్లా బాగుపడుతుందని చెప్పాడు. మా ఇంటి కప్పు కురుస్తుంది. అందుకే అందరికంటే ముందు మామే ఒప్పుకున్నాడు. మగ్గం బండి మీద వేసుకొని వెళ్లాం. సిమెంటు కప్పు, నిండా వెలుతురు. మామ మురిసిపోయాడు.

జంపఖానా సగంలో ఉండగా ఎరుపు అయిపోయింది. ఒక పోగు జేబులో పెట్టుకొని సైకిలు మీద గల్లీకి వెళ్లాను. రంగులాయన ఆ పోగు ఒక్కటే చూసి రంగు వేసిచ్చాడు. నేయడం అయ్యాక ఎండలో పరిస్తే సగం ఒక ఎరుపు, సగం ఇంకో ఎరుపు. జంపఖానాలు కొనే షావుకారు తీసుకోనన్నాడు. మాకు నూలు కండెలు చుట్టే గల్లీ ఆడవాళ్లు అంత దూరం రాలేకపోయారు. మగ్గం చెక్క విరిగితే వడ్రంగి పని చేసే వడ్లాయన కోసం ఒక రోజంతా ఎదురుచూశాం.

మామ ఆ జంపఖానా నా భుజాన పెట్టి ఆఫీసుకు తీసుకెళ్లాడు. దాన్ని ఆఫీసరు ముందు పరిచాను.

"రంగులాయన పేరు గూడ షెడ్లకు రాసుకోండ్రి సార్" అన్నాడు మామ. "కండెలు చుట్టేటోళ్లయి, వడ్లాయనది గూడ."

"నా లిస్టుల మగ్గమున్నోళ్లే ఉంటరు. వాళ్లకు మగ్గాలు లేవు గద."

"మగ్గం ఒక్కటి తీస్కపోయి పెడితె ఇట్లయితది సార్. గల్లీ అంత కలిస్తెనే ఒక జంపఖానా. వాళ్లను కాదంటె నాకు షెడ్డొద్దు."

షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాడు. మగ్గం మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాం. ఇంట్లో అమ్మ ఊరుకోలేదు.

"సిమెంటు షెడ్డు ఇడిసిపెట్టి వస్తివా? వానకాలం నూలు మీద గొడుగు పట్టుకొని నిలబడ్తవా తమ్ముడూ?"

"నిలబడ్తనక్కా. జర చాయ పొయ్యి."

ఆ వానాకాలం నూలు మీద ప్లాస్టిక్ పట్టా కప్పి తను తడిశాడు. అప్పుడు పట్టిన దగ్గు మళ్లీ పోలేదు.

చలికాలంలో ఆ ఆఫీసరే కొత్త కాగితంతో వచ్చాడు. ఊరవతల షెడ్లు చాలావరకు ఖాళీగానే ఉన్నాయట. ఈసారి ఇంటింటికీ నడిచాడు. మామ దగ్గుతూనే వెంట తిరిగి, ఏ గడప లోపల ఎవరి పని ఏమిటో చెప్పాడు. గల్లీ చివర అందరికీ కలిపి ఒక రంగుల షెడ్డు మంజూరైంది. గోడలు లేవడం మామ చూశాడు. దగ్గు ముదిరి దవాఖానలో చేరాడు, పని మొదలవడం చూడలేదు.

నాకు పెద్ద మాటలు తెలియవు. ఒక పని బతకాలంటే దాని చుట్టూ ఎంతమంది బతకాలో ఆయన వల్లే తెలిసింది.

ఆ సోమవారమే తెల్లవారుజామున షెడ్డులో మొదటిసారి రంగు కలిపారు. కబురు అందని రంగులాయన తొట్టిలో చేతులు పెట్టి ఉండగానే మామను ఇంటికి తెచ్చారు. ఆయన కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చి, మామ రెండు భుజాలూ పట్టుకొని ఏడ్చాడు. మామకు కప్పిన తెల్లబట్ట మీద ఎర్రటి వేళ్ల గుర్తులు పడ్డాయి. ఎవరో బట్ట మార్చబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ గుర్తులతోనే మామను గల్లీ దాటించాం.