కెప్టెన్ యాదగిరి పెట్టిన మొదటి సంతకం

షాద్‌నగర్ దాటి బాలానగర్ సమీపిస్తుండగా, మాగిన సీతాఫలాల వాసన బస్సు కిటికీలోంచి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. రోడ్డు వెంట గంపలు ముందు పెట్టుకుని ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. సెలవు దొరికినప్పుడు శంషాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా మా కోస్గికి వెళ్లడం నాకు అలవాటే. ఈ వాసనా కొత్తది కాదు. అయినా ప్రతి ఏడూ అది నన్ను మా ఇంటికంటే ముందు ఒక మనిషి దగ్గరికి చేరుస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నా బల్ల మీద రెండు సీతాఫలాలు పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, తీరిగ్గా నన్ను మందలించిన మనిషి ఆయన. పేరు కెప్టెన్ యాదగిరి. ఆలేరులో రైల్వే గేటు కాపలా కాసిన ఒకాయన కొడుకు. వైమానిక దళంలో సరుకు విమానాలు నడిపి, అక్కడ విరమణ పొందాక, చిన్న పట్టణాలకు పంకాలతో ఎగిరే చిన్న విమానాలు తిప్పే ఒక చిన్న సంస్థలో పైలట్‌గా చేరారు. నాది అదే సంస్థలో రోస్టర్ విభాగం. ఏ పైలట్ ఏ రోజు ఏ విమానం నడపాలో చార్టు వేయడం, ఎవరైనా రాలేనంటే బదులుగా మరొకరిని పిలవడం నా పని.

గొర్లు కాసి, కందులు పండించుకునే ఇంట్లోంచి వచ్చినదాన్ని నేను. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివిన మూడేళ్లూ చర్చా పోటీలే నా లోకం. ఎదుటివారి మాటలో బలహీనమైన చోటు వెతికి అక్కడే ప్రశ్న వేయడం నేర్చుకున్నాను. అదే సత్యాన్వేషణ అనుకున్నాను. ఉద్యోగంలోనూ ఆ అలవాటు నాతోనే వచ్చింది. ఒక ఉదయం అజీమ్ అనే యువ కో-పైలట్ ఫోన్ చేసి, "అక్కా, ఇయ్యాల నేను ఫిట్ లేను" అన్నాడు. మా పనిలో ఆ మాటకు ఒకటే జవాబు: "సరే." ఎందుకని అడగకూడదు. ఆ నియమం నాకు తెలుసు, దాని అర్థం తెలియదు. ఆ రోజు బదులు పంపడానికి ఎవరూ లేరు. ఏమైందని అడిగాను. జర జలుబు చేసిందన్నాడు. జ్వరముందా, కళ్లు తిరుగుతున్నాయా, నిన్న ఇదే జలుబుతో నడపలేదా అని ఒక్కొక్క ప్రశ్నతో అతని దారులన్నీ మూసేశాను. చివరికి, "సరే అక్కా, వస్త తియ్యి" అన్నాడు. విమానం కిందికి దిగుతున్నప్పుడు జలుబు వల్ల అతని చెవి బిగుసుకుపోయింది. నొప్పికి తాళలేక తల పట్టుకుని కూర్చుంటే, పక్కనున్న కెప్టెన్ యాదగిరి ఒక్కరే విమానాన్ని దించారు.

సాయంత్రం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చింది అందుకే. పళ్లు ముందుకు జరిపి, "ఏ ఊరు బిడ్డా?" అని అడిగారు. కోస్గి అన్నాను.

"వాదన మంచిగ చేస్తవంట గద. పొద్దున గెలిసినవా?"

"సార్, నేను అడిగినదానికి అజీమ్ దగ్గర జవాబు లేకుండె."

"అవ్, గెలిసినవు. పిలగాని చెవు ఓడిపోయింది." మెల్లగా అన్నారు: "నాకు చాతనైతలేదు అని చెప్పుడు మాసొంటోళ్లకు మస్తు కష్టం బిడ్డా. ఒక్కసారి చెప్పినోన్ని గుంజి మాట్లాడిస్తే, రెండోసారి చెప్పడు. వెనక కూసున్నోళ్లు డెబ్బయి మంది. యాది పెట్టుకో. ఇగ పండు తిను, మెత్తగైతది."

ఆయన ఫిర్యాదు రాయలేదు. రాసి ఉంటే, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్న నా ఉద్యోగం అక్కడితో ముగిసేది. ఆ కృతజ్ఞత ఒకటైతే, అంతకంటే పెద్దది మరొకటుంది. గెలవడానికి వేసే ప్రశ్న వేరు, తెలుసుకోవడానికి వేసే ప్రశ్న వేరు అని నాకు మొదటిసారి తెలిసింది ఆ సాయంత్రమే. ఆ తరువాత ఆయన డ్యూటీ ముగిశాక తరచుగా మా గదికి వచ్చేవారు. నా ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పేవారు. జవాబు తెలియనప్పుడు తెలియదనేవారు. చర్చా పోటీల్లో ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు.

కొన్నేళ్లకు సంస్థలో అసలు గొడవ మొదలైంది. పైలట్లకు ఇవ్వవలసిన విశ్రాంతిని యాజమాన్యం కొద్దికొద్దిగా కత్తిరించసాగింది. ప్రకటించిన చార్టును మార్చమని నాకే ఆదేశాలు వచ్చేవి. రేపు సెలవనుకున్న మనిషికి ఇవాళ ఫోన్ చేసి రమ్మని చెప్పవలసింది నేనే. పైలట్లు రాసిన వినతులకు జవాబు లేదు. చివరికి వాళ్లొక ఉపాయం ఆలోచించారు. ఒక సోమవారం అందరూ కలిసి ఫోన్ చేసి "ఫిట్ లేను" అంటారు. ముందు రోజు ఆలేరులో కెప్టెన్ యాదగిరి ఇంటి వసారాలో సమావేశమయ్యారు. చార్టుల సంగతి తెలిసినదాన్నని అజీమ్ నన్నూ రమ్మన్నాడు.

టీ గ్లాసులు పట్టుకొచ్చిన కెప్టెన్ గారి భార్య సత్తెమ్మగారు నా పక్కనే కూర్చుని చెవిలో చెప్పారు: "ఇంక ఐదు నెలలే బిడ్డా. అరవై ఐదు నిండినంక మీ సారును నడపనియ్యరంట. ఇన్నేండ్ల సంది ఆయన విమానం ఒక్కసారన్న ఎక్కలే నేను. ఆఖరి రోజు ఎక్కిస్తనన్నడు. చీర గూడ తీసి పెట్టుకున్న." ఆమె నవ్వుతూనే చెప్పారు గాని, ఆ ఇంట్లో పోగొట్టుకోవడానికి ఏముందో నాకు అప్పుడు స్పష్టంగా తెలిసింది.

సోమవారం ఉపాయాన్ని సమర్థిస్తూ నేనే ఎక్కువసేపు మాట్లాడాను. ఒంట్లో బాగా లేనప్పుడు నడపకూడదని నిబంధనలే చెబుతున్నాయి. ఆ మాటను ఎవరూ పరీక్షించలేరు. కాబట్టి దీన్ని సమ్మె అని నిరూపించడం సాధ్యం కాదు. కట్టుదిట్టమైన వాదమని నాకు గట్టి నమ్మకం. చివరి దెబ్బగా, "మీరే చెప్పిన్రు గద సార్, అడగొద్దని" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అడగొద్దని ఎందుకు చెప్పిన? గా మాట మీద ఎవ్వరు అబద్ధమాడరని. రేపు మనమందరం ఆడితె, ఎల్లుండి నిజంగ జరమొచ్చినోన్ని డాక్టర్ చీటీ తెమ్మంటరు. చీటీ కోసం తిరగలేక వాడు జరంతోనే ఎక్కుతడు. గప్పుడు ఎవర్ని తిడుదాం?"

"మరి చేతులు కట్టుకొని కూసుందామా సార్?" అజీమ్ విసురుగా అన్నాడు.

"ఎందుకు కూసోవాలె? సమ్మె చేద్దాం. నోటీసిచ్చి చేద్దాం. మా బాపు గేటేస్తే రెండు దిక్కుల బండ్లోళ్లు నోటికొచ్చినట్టు తిట్టెటోళ్లు. గాని గేటు పడ్డదని అందరికి కనబడేది. కనబడకుండ పట్టాల మీద రాయి పెట్టుడు వేరే పని."

చట్టం ఏమంటుందో ఆయన నిదానంగా వివరించారు. విమాన రవాణా ప్రజోపయోగ సేవ. ముందుగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఇచ్చాక పద్నాలుగు రోజులు ఆగాలి. ఈలోగా కార్మిక శాఖ అధికారి రాజీ చర్చలకు పిలిస్తే అవి నడిచినంత కాలం పని ఆపకూడదు. అజీమ్ నవ్వాడు. "సార్, భుజం మీద పట్టీలు పెట్టుకొని మనం కార్మికులమంటే ఎవడన్న నమ్ముతడా?"

"పట్టీలు కుట్టినోడు దర్జీ, తొడుక్కున్నోడు కూలి. గంతే తేడా. కాగితం తే."

నోటీసు నేను రాశాను. రాయడం పూర్తయ్యాక అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొదటి పేరే యాజమాన్యం కంట్లో పడుతుందని అందరికీ తెలుసు. ఆయన సత్తెమ్మగారి వైపు చూశారు. ఆమె ఒక క్షణం తల దించుకుని, "నన్నెందుకు చూస్తవ్? పెట్టేదుంటె పెట్టు" అని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆయన సంతకం చేశారు. మిగిలినవారు ఒక్కొక్కరే చేశారు.

మూడో రోజునే ఏదో విచారణ పేరు చెప్పి ఆయనను విమానం నడపకుండా పక్కన పెట్టారు. పద్నాలుగు రోజులు పూర్తికాకముందే చర్చలకు పిలుపు రావడంతో సమ్మె మొదలే కాలేదు. "పెద్దసారు చట్టం చదివి మన కాళ్లు చేతులు కట్టేసిండు" అని అజీమ్ నా ముందే అన్నాడు. ఆ రోజుల్లో నాకూ అలాగే తోచింది. చర్చల్లో అధికారి చార్టులు తెమ్మన్నారు. శుభ్రంగా తిరగరాసిన ప్రతులు తీసుకెళ్లమని మా మేనేజర్ సూచించారు. నేను కొట్టివేతలున్న అసలు కాగితాలే తీసుకెళ్లాను. ఆలేరులో ఆ సంతకం చూసిన మనిషికి మరో దారి ఉంటుందని నాకు అనిపించలేదు.

నెలల తరబడి సాగిన చర్చల చివర యాజమాన్యం దిగివచ్చింది. కత్తిరించిన విశ్రాంతి తిరిగి వచ్చింది; ప్రకటించిన చార్టును ఇష్టానుసారం మార్చకూడదని ఒప్పందం కుదిరింది. విచారణలో ఆయన తప్పేమీ లేదనీ తేలింది. కానీ ఆ కాగితం చేతికి వచ్చేనాటికి ఆయనకు అరవై ఐదు నిండి పది రోజులైంది. ఒప్పందంలో ప్రతి షరతుకూ చోటు దొరికింది గాని, ఆయన పోగొట్టుకున్న ఐదు నెలలను తిరిగి ఇచ్చే వాక్యం ఏ చట్టంలోనూ లేదు. న్యాయం గెలిచిందని చెప్పడానికి ఈనాటికీ నాకు నోరు రాదు.

ఒప్పందం ప్రతి ఇవ్వడానికి అజీమ్, నేను ఆలేరు వెళ్లాం. అజీమ్ ఆయన చేతులు పట్టుకున్నాడు. "చెవు మంచిగున్నదారా?" అని ఆయన నవ్వేశారు. నేను మాత్రం అడగకుండా ఉండలేకపోయాను. "సార్, ఆ ఆదివారం మళ్ల వస్తే, మళ్ల ముందు సంతకం పెడుతరా?"

ఆయన లోపలి గుమ్మం వైపు చూశారు. లోపలి నుంచి సత్తెమ్మగారి గాజుల చప్పుడు వినిపిస్తోంది. "పెడుత" అన్నారు. "గాని ఆమెకిచ్చిన మాట తప్పిన. ఆమె ఏమనలే, గాని తప్పిన. రెండు నిజమే బిడ్డా. ఒకదాన్ని చూపెట్టి ఇంకోదాన్ని కొట్టెయ్యకు."

ఎన్నో వేదికల మీద ఎన్నో ప్రశ్నలకు ఇరువైపులా వాదించాను. రెండు వైపులూ ఒకే గుండెలో మోస్తూ నిలబడగలిగిన మనిషిని మాత్రం ఆ ఒక్క ఇంట్లోనే చూశాను. ఆయన నాకు వాదించడం మాన్పించలేదు. వాదం చివర ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇచ్చుకోవలసి వస్తుందని, ఆ ఎవరో మనమే కావడానికి సిద్ధపడ్డాకే నోరు విప్పాలని నేర్పారు.

ఈ సంవత్సరం మా రోస్టర్ విభాగానికే ఆ అవసరం వచ్చింది. వరసగా తెల్లవారుజాము డ్యూటీలు వేస్తూ, మధ్యలో విరామం అడిగితే వచ్చే నెల చూద్దామంటున్నారు. పోయిన వారం మేమంతా కూర్చుని ఒక నోటీసు రాసుకున్నాం. రాశాక, మొదటి సంతకం ఎవరిదన్న మాట వచ్చింది. "నువ్వు పెట్టు", "ఏ, ముందు నువ్వు పెట్టు" అని నవ్వులాటగా కాగితాన్ని అటూ ఇటూ జరుపుతున్నారు. విభాగం అధిపతి పదవికి నా పేరు పరిశీలనలో ఉందని వాళ్లందరికీ తెలుసు, నాకూ తెలుసు. గది బయటికి వెళ్లి మా బాపుకు ఫోన్ చేసి చెప్పాను. "నీకు సబబనిపిస్తే చెయ్యి బిడ్డా" అన్నాడు. తిరిగి వచ్చి కాగితం నా వైపు లాక్కున్నాను. నా పేరు అన్నిటికంటే పైన, కాస్త చిన్న అక్షరాల్లో రాశాను. కింద చాలామందికి జాగా కావాలి.