గరాజ్‌లో పెరిగిన చేప

నాకు సవతి లేదు. గరాజ్ ఉంది.

ఈ పరాయి దేశంలో, టకానిని అనే చోట మేము కొనుక్కున్న కొత్తింట్లో కారు కోసం కట్టిన గది అది. కారు మాత్రం ఏడాది పొడుగునా బయట వానలో తడుస్తూ ఉంటుంది. లోపల గోడకి గేలపు కర్రలు, మూలన చేపలకి ఐస్ నింపే చిల్లీ బిన్, మధ్యలో మూడు మడత కుర్చీలు. శనివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే మా ఆయన ఆ పెద్ద తలుపు పైకి లేపుతారు. పక్కింటి పెద్దాయన, ఈ దేశపు మనిషే, వచ్చి ఒక కుర్చీలో కూర్చుంటారు. మా ఆయనతో పాటు పనిచేసే నల్గొండ కుర్రాడు ఇంకో కుర్చీలో కూర్చుంటాడు. ఇక మాటలే మాటలు.

ఇంట్లో మా ఆయన భాషలో ఉన్నవి మూడే మాటలు. ఊఁ, ఆఁ, చూద్దాం. పాప స్కూలు సంగతి చెప్తే ఊఁ. మా చెల్లెలికి సంబంధం కుదిరేలా ఉందని చెప్తే ఆఁ. సెలవుల్లో ఎక్కడికైనా వెళ్దామంటే చూద్దాం. కొందరంతే, మాటల పిసినారులు అని చాలాకాలం సరిపెట్టుకున్నాను. ఆ పిసినారే గరాజ్‌లో కూర్చుని, పోటు ఎప్పుడు మొదలైంది, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి, ఎరగా స్క్విడ్ ముక్క గుచ్చితే ఏమైంది, పిల్చర్డ్ చేపపిల్ల గుచ్చితే ఏమైంది అని గుక్క తిప్పుకోకుండా చెప్తుంటే విన్న రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. పిసినారితనమంతా నా దగ్గరేనన్నమాట.

అసలాయనది చేపల చెరువుల మధ్య ఉన్న ఊరు. అక్కడ ఉన్నన్నాళ్ళూ చేపని కంచంలో తప్ప చూసిన మనిషి కాదు. మా అత్తగారు తెచ్చిన గంపలో చేప ఎగిరితే ఈయన అరుగెక్కేవారట. అలాంటి మనిషి ఈ దేశం వచ్చి, పక్కింటి పెద్దాయన ఒకసారి పడవలో తీసుకెళ్ళిన పాపానికి, ఇలా తయారయ్యారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

ఈ కొత్త ఇళ్ళలో వాషింగ్ మెషీన్ కూడా గరాజ్‌లోనే పెడతారు. ఆ ఇల్లు గీసిన మహానుభావుడెవరో గానీ నన్ను తలుచుకునే గీసి ఉంటాడు. శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి నాకు ఉతకాల్సిన బట్టలు ఎక్కడ లేనివి పుట్టుకొచ్చేవి. మాసినవి అయిపోతే బీరువాలో మడతపెట్టినవే తీసి మళ్ళీ వేసేదాన్ని. “అమ్మా, దట్స్ క్లీన్,” అంది పాప ఒకసారి నా చేతిలో తన గౌను చూసి. నువ్వు నోరు మూసుకో అని బుట్ట చంకనేసుకుని గరాజ్‌లోకి నడిచాను.

వెళ్ళడం వరకే నా వంతు. నేను లోపలికి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయేవి. పెద్దాయన మర్యాదగా లేచి, ఎండ బాగుంది కదా అనేవారు. మా ఆయన గేలపు చక్రం వైపు చూసుకునేవారు. వట్టి చేతులతో వెళ్తే బాగుండదని మిరపకాయ బజ్జీలు కూడా పట్టుకెళ్ళి చూశాను. “వదినా, బజ్జీలు మస్తున్నయ్, ఇంకో రెండేస్తవా?” అని నల్గొండ కుర్రాడు ప్లేటు చాచాడు. మళ్ళీ వంటింట్లోకి రావలసి వచ్చింది. నా వెనక తలుపు పడీ పడకముందే గలగలా మొదలయ్యాయి మాటలు.

అవతలున్నది ఆడమనిషైతే ఏం కట్టింది, ఏం పెట్టింది అని పోల్చుకుని ఏడవొచ్చు. చేపల మీద కుళ్ళుకునేదాన్ని ఎవరు ఓదారుస్తారు? ఫోన్లో అమ్మకి చెప్తే పడీపడీ నవ్వింది. “తాగుడా, పేకాటా? చేపలే కదే. కూర ఖర్చు కలిసొస్తుంది,” అంది. ఆయన తెచ్చిన చేప నాకు వద్దు, ఆ చేప గురించి ఆయన చెప్పే మాటలు కావాలి అని అమ్మకి ఎలా చెప్పను?

నిజానికి ఒకసారి దొరికాయి ఆ మాటలు. అందుకే ఇంత బాధ.

ఆ ఆదివారం ఆయన జట్టులో ఇద్దరికీ కుదరలేదు. పాప స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళింది. ఎవరూ లేరు కాబట్టి నాకు చోటు దొరికింది. మనుకావు హార్బర్ వైపు ఒక పాత జెట్టీ మీద నిలబడి గేలం వేశారాయన. నేను ఫ్లాస్కులో టీ పోసుకుని గాలికి జుట్టు సర్దుకుంటూ కూర్చున్నాను. ఉన్నట్టుండి కర్ర వంగింది. స్నాపర్. నీళ్ళలో ఎర్రగా మెరిసింది. జెట్టీ ఎత్తు, చేప బరువు, సన్నటి దారం. చేపని పట్టే వల కారులో ఉండిపోయింది.

“తెగిపోతుందే! తెగిపోతుంది!” అని ఆయన గావుకేకలు.

పక్కన పడవల వాళ్ళు దిగే మెట్లున్నాయి, పాచిపట్టి. చెప్పులు వదిలేసి దిగాను. మోకాళ్ళ దాకా నీళ్ళలోకి వెళ్ళి, భుజం మీది పసుప్పచ్చ చున్నీ లాగి చేప కిందగా పరిచి, రెండు చేతులా చుట్టేసి గుండెకి హత్తుకున్నాను. దాని వీపు మీది ముల్లు నా అరచేతిలో దిగింది. వదల్లేదు. నేను పైకి వచ్చేసరికి ఆయన కళ్ళల్లో నేనెప్పుడూ చూడని వెలుగు.

“నువ్వు లేకపోతే పోయేదే,” అన్నారు.

తిరిగొస్తూ మోటర్‌వే మీద ఇంటి దాకా ఆయన ఆపకుండా మాట్లాడారు. చిన్నప్పుడు చెరువు గట్టున భయపడిన సంగతి, వాళ్ళ నాన్న నవ్విన సంగతి, ఇక్కడికి వచ్చిన కొత్తలో ఫ్లాట్‌లో ఒంటరిగా గడిపిన ఆదివారాలు, అన్నీ. చేతికి కట్టిన గుడ్డ తడిసి రక్తం వస్తున్నా నేను చెప్పలేదు. చెప్తే మాట ఆపుతారేమోనని భయం.

శనివారం వచ్చింది. ఆ చేప గరాజ్‌లోకి వెళ్ళింది. నాకు మళ్ళీ ఊఁ మిగిలింది.

అప్పటికి నా రాక అలవాటై, నేను మెషీన్ దగ్గర నిలబడినా వాళ్ళు మాటలు ఆపడం మానేశారు. మొదటిసారి చెప్పినప్పుడు మెషీన్ పక్కనే ఉన్నాను. చున్నీ పోయి వల వచ్చింది. పోనీలే, మగవాళ్ళ మధ్య చున్నీ ఏం చెప్తారని ఊరుకున్నాను. తర్వాత చెప్పినప్పుడు మెట్లు దిగింది కూడా ఆయనే. ఆ తర్వాత నేను టీ ఫ్లాస్కుతో సహా మాయమయ్యాను. చేప మాత్రం వారం వారం పెరుగుతూ వచ్చింది. మోచేయంత ఉన్నది భుజం దాకా పాకింది. గోరంతలు కొండంతలు చేయడం అక్కడ ఆచారమే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. చేప పెరిగిన కొద్దీ నేను తరిగిపోవడమే నాకు మింగుడుపడలేదు.

దీనికి తోడు పెద్దాయన కథలు. ఆయన వేటగాడు కూడా. శరదృతువులో మగ దుప్పులు ఆడవాటి కోసం అరిచే రోజులుంటాయట. ఆ అరుపు ఎలా ఉంటుందో ప్లాస్టిక్ గొట్టం నోటికి పెట్టుకుని అరిచి చూపిస్తే వీధి చివరి కుక్కలన్నీ అందుకునేవి. కొండ మీద రోజంతా పాకిన సంగతి, ఎదురుగాలి తిరగబడి దుప్పికి తన వాసన తగిలిన సంగతి చెప్పేవారు. ఏ కథ చెప్పినా అందులో ఆయన భార్య ఉండేది. “ముందు చూసింది తనే.” “గాలి మారిందని నా మోచేయి గిల్లింది.” “నా గురి తప్పింది, తను నవ్వలేదు, టీ పోసిచ్చింది.” ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నేనెప్పుడూ చూడలేదు. అయినా బట్టల బుట్ట పట్టుకుని నిలబడి, ఆ చనిపోయిన మనిషి మీద కుళ్ళుకున్నాను. పోయాక కూడా కథలో ఉంది మహాతల్లి. నేను బతికుండగానే లేను.

ఒక శనివారం పెద్దాయన తెలిసినవాళ్ళకి పంచగా మిగిలిన దుప్పి మాంసం మాకు తెచ్చిచ్చారు. కథలు దుప్పి నుంచి చేప మీదికి మళ్ళాయి. మా ఆయన మళ్ళీ ఆ స్నాపర్ మొదలుపెట్టారు. రెండు చేతులూ చాచి కొలత చూపించారు. ఈసారి భుజం కూడా దాటి గుండెల దాకా వచ్చింది.

పెద్దాయన బజ్జీ కొరుకుతూ కళ్ళు చిట్లించారు. “ఆ జెట్టీ నాకు తెలుసు. అక్కడ అంత చేపని ఒక్కడే పైకి తేలేడు. కింద ఎవరున్నారు?” అని అడిగారు ఇంగ్లీషులో.

నా చేతిలో బట్టలు ఆగిపోయాయి. చెప్తారు, ఇప్పుడు చెప్తారు అనుకున్నాను.

మా ఆయన గేలపు చక్రం ఒళ్ళో పెట్టుకుని తుడుచుకుంటున్నారు. “ఎవరో లేడీ ఉందక్కడ. హెల్ప్ చేసింది,” అన్నారు తలెత్తకుండా.

ఎవరో లేడీ! ఆయన తుడుస్తున్న గుడ్డ వైపు అప్పుడు చూశాను. పసుప్పచ్చది. ఎన్ని ఉతుకులు ఉతికినా నీచు వాసన పోలేదని నేను పక్కన పెట్టిన నా చున్నీ. దాన్ని చింపి నూనె గుడ్డ చేసుకున్నారు.

బుట్ట మెషీన్ మీద పెట్టి వెళ్ళి వాళ్ళ ముందు నిలబడ్డాను.

“ఆ లేడీని నేనే,” అన్నాను ఇంగ్లీషులో.

నల్గొండ కుర్రాడి నోట్లో బజ్జీ అలాగే ఉండిపోయింది. మా ఆయన ముఖం కంది ఎర్రబడింది. పెద్దాయన నా వైపు చూశారు, మా ఆయన వైపు చూశారు, లేచి తన కుర్చీ నా వైపు జరిపారు. “అయితే నువ్వు చెప్పు,” అని తను చిల్లీ బిన్ మీద కూర్చున్నారు.

చెప్పాను. పాచి మెట్లు, కారులో ఉండిపోయిన వల, చున్నీ, అరచేతిలో ముల్లు. “చున్నీ ఏది?” అని పెద్దాయన అడిగితే మా ఆయన ఒళ్ళోకి వేలు చూపించాను. ఆయన ఆ గుడ్డని ఏం చేయాలో తెలియక మడతపెట్టడం మొదలుపెట్టారు.

“ఇంతకీ చేప ఎంతుంది?” అన్నారు పెద్దాయన.

మా ఆయన నా చేతుల వైపే చూస్తున్నారు. మోచేతికి కొంచెం పైన అని నిజం చెప్తే చాలు, ఇన్ని శనివారాల పరువు ఆ సిమెంటు నేల మీద పడిపోతుంది. పడేయాలనే ఉంది నాకు. ఆయన కుదురుగా కూర్చుని చెప్పుకున్న ప్రతి కథా కళ్ళ ముందు తిరిగింది, ఒక్కదాంట్లోనూ నేను లేను.

రెండు చేతులూ చాచాను. మా ఆయన చూపించిన దాని కంటే జానెడు ఎక్కువే చాచాను.

పెద్దాయన ఈల వేశారు. నల్గొండ కుర్రాడు “అమ్మో, వదినా!” అన్నాడు. మా ఆయన్ని కాపాడదామని కాదు నేను చాచింది. నాది నేను వెనక్కి తీసుకునేటప్పుడు కాస్త పెద్దదే తీసుకోవాలనిపించింది.

అందరూ వెళ్ళాక మా ఆయన వంటింట్లోకి వచ్చారు. మామూలుగా రారు. నేను దుప్పి మాంసం కడిగి పెట్టి, పప్పుకి పోపు వేసుకుంటున్నాను. కాసేపు అటూ ఇటూ చూసి అడిగారు.

“ఆ చేప నిజంగానే అంతుందంటావా?”

ఎన్నాళ్ళకి నన్నొక ప్రశ్న అడిగారో.

“ఊఁ,” అన్నాను.

ఇంకేమైనా చెప్తానేమోనని ఆయన ఫ్రిజ్‌కి ఆనుకుని అక్కడే నిలబడ్డారు. నేను ఆవాలు చిటపటమనే దాకా చూసి, కరివేపాకు వేసుకున్నాను.