లండనా, లీడ్సా?

అరవైల మొదట్లో బందరు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న నాకు ఇంగ్లండు నుంచి ఒకేసారి రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి లండన్లో, ఇంకొకటి లీడ్స్‌లో. లండన్ వాళ్ళు ఇస్తామన్న జీతం కాస్త ఎక్కువ. దాంతో మా ఇంట్లో గొడవ మొదలైంది.

"ఎక్కువిచ్చే చోటికే వెళ్ళాలి. ఇందులో ఆలోచించేదేముంది?" అన్నారు బడిపంతులైన మా నాన్న. గుడివాడ రైసుమిల్లులో గుమాస్తాగా పనిచేసే మా మావయ్య ఒప్పుకోలేదు.

"అది కాదు బావా, ఆ జీతానికి ఎన్ని బస్తాల బియ్యం వస్తాయో చూడాలి. గుడివాడలో నా జీతానికి వచ్చినన్ని బందరులో నీకొస్తున్నాయా?"

"నా జీతం ఊసు నీకెందుకయ్యా?"

ఆ పూటంతా ఇద్దరూ ఇంగ్లండు సంగతి మరిచిపోయి, గుడివాడ చవకా బందరు చవకా అని పోట్లాడుకున్నారు. చివరికి అమ్మ విసుక్కుంది.

"అసలక్కడ బియ్యం దొరుకుతాయో లేదో కనుక్కున్నారా?"



ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురూ నన్ను వెంటబెట్టుకుని మా ఆసుపత్రి డాక్టరు దొరసానిగారింటికి వెళ్ళారు. ఆవిడది ఇంగ్లండే.

"లండన్లో ఇంటద్దెలు ఎట్లా ఉంటాయండీ?" అని మావయ్య వినయంగా అడిగాడు. ఆవిడ చెప్పిన అద్దె మరీ తక్కువగా ఉండేసరికి తెల్లబోయాడు. నాన్న మీసం సవరించుకున్నారు.

"నేను అక్కడున్నప్పటి మాట ఇది. ముప్పై ఏళ్ళు దాటింది" అన్నారు దొరసానిగారు. నాన్న చెయ్యి మీసం మీంచి దిగింది.

ఆవిడ నా ఉద్యోగాల కాగితాలు చదివి, "అద్దెతో మీకేం పని? రెండు చోట్లా ఆసుపత్రివాళ్ళే గది ఇచ్చి భోజనం పెడతారు. ఆ ఖర్చు జీతంలో పట్టుకుంటారు" అన్నారు. ఆ మాట నేను మొదటిరోజే చెప్పబోయాను. నన్ను మాట్లాడనిస్తేగా!

"మరి ఎక్కడికి పంపమంటారండీ?" అంది అమ్మ.

"లీడ్స్‌లో మా చెల్లెలుంది. స్టేషనుకొచ్చి తీసుకెళ్తుంది."

"అయితే లీడ్సేనండీ" అని అమ్మ లేచి నిలబడింది. నాన్న, మావయ్య కూడా లేచారు.

లీడ్స్‌లో దిగిన వారానికే, బందరులో అల్లించుకున్న స్వెట్టరు అక్కడి చలికి ఏ మూలకూ చాలదని తెలిసింది. మొదటి జీతం ఒక ఉన్నికోటుకు సరిపోయింది. "ఖర్చులు పోను ఎంత మిగులుతోంది?" అని నాన్న ఉత్తరం రాశారు. జవాబుగా కోటు వేసుకుని ఫోటో తీయించుకుని పంపాను.

మావయ్య ఆ ఫోటో గుడివాడ పట్టుకెళ్ళి మిల్లులో అందరికీ చూపించాడు. అంత పొడుగు కోటు చూసి, అక్కడ నన్ను డాక్టరును చేసేశారని ఊరంతా చెప్పుకున్నారట. మావయ్య మాత్రం కాదనలేదట.