గాలియా ముట్టని కాఫీ

గాలియాది యెమెన్‌లోని జౌఫ్ ఎడారి. ఒంటెలు కాసుకుంటూ, ఇద్దరు మొగుళ్లను మట్టికిచ్చి, ముస్ఫిర్ అనే ఒక్కగానొక్క కొడుకుని పెంచింది. వాడు లారీ తోలేవాడు. ఉల్లిపాయల లోడుతో వెళ్తుంటే తనిఖీ చౌకీ దగ్గర యుద్ధంలో ఉన్న ఓ వర్గంవాళ్లు పట్టుకుపోయారు. బతికున్నాడో లేడో చెప్పిన దిక్కు లేదు.

అక్కడ కొట్టుకునే రెండు వర్గాల్నీ ఒక గదిలో కూర్చోబెట్టడం మా ఒమన్‌కి అలవాటైన పనే. మాకు పెద్ద సైన్యమేం లేదు. ఎవరి పక్షమూ కాదన్న పేరే మా కోట. ఆ రోజు మస్కట్ అతిథి గృహంలో ఖైదీల మార్పిడి ఒప్పందం. తల్లుల తరఫున ఫోటోలో ఒకరుండాలని గాలియాని పిలిపించారు. విడుదలయ్యేవాళ్లలో ముస్ఫిర్ లేడని విమానం దిగాకే ఆమెకి తెలిసింది.

మా తరఫున ఇంటాయనగా కూర్చున్న పెద్దమనిషి షేక్ జాహిర్ మర్యాద కోసం తన చేత్తోనే కాఫీ పోసిచ్చాడు. ఆమె అందుకుని, తాగకుండా ముందు పెట్టేసింది. మా అరబ్బుల్లో అడిగింది ఇస్తేగానీ మీ ఇంటి కాఫీ ముట్టనని దానర్థం. అతిథి అలా కూర్చుంటే ఇంటాయన పరువు పోయినట్టే.

"ఏం కావాలమ్మా?"

"నా కొడుకు."

"మేం మధ్యవాళ్లమమ్మా. ఒకరిని బలవంతపెడితే రేపు మా గడప ఎవరు తొక్కుతారు?"

"ఇవాళ నేను తొక్కాను కదయ్యా! ఫోటోకి పనికొచ్చినదాన్ని, మాటకి పనికిరానా?"

కొడుకుని పట్టుకుపోయిన వర్గం నాయకుడు నవ్వాడు. "పెద్దమ్మా, ఓ ఖర్జూరం తిను. నీ వాడి సంగతి వచ్చే విడతలో చూద్దాంలే."

"నువ్వే తిను. మీ అమ్మకీ ఇలాగే విడతలవారీగా కనిపిస్తావా?"

అతని పక్కనున్నవాడే నవ్వాపుకోలేక దగ్గాడు.

జాహిర్ తన కప్పు కూడా ముట్టకుండా కింద పెట్టేశాడు. ఇంటాయనే తాగకపోతే ఇంకెవరు తాగుతారు, సంతకాలెవరు పెడతారు? గుమ్మంలో కెమెరాలవాళ్లు కాచుకునున్నారు. నాయకుడు విసురుగా బయటికెళ్లి ఎవరెవరి మీదో అరిచి, చాలాసేపటికి ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎవర్రా నువ్వు? ముస్ఫిర్‌వైతే మన గుడ్డి ఒంటె పేరు చెప్పు."

అవతల ఏమన్నాడో మాకు వినపడలేదు. ఆమె వేళ్లు ముసుగు అంచుని నలిపేస్తున్నాయి. "తింటున్నావా నాన్నా?" అంది, అంతే.

జాహిర్ చల్లారింది పారబోసి, వేడి కాఫీ అందించాడు. "బతికున్నాడుగా. ఇక తాగమ్మా."

గాలియా దాన్నీ కింద పెట్టేసింది.

"నేనడిగింది మనిషినయ్యా, గొంతుని కాదు. వాణ్ణి తీసుకురండి, ఇద్దరం కూర్చుని తాగుతాం. ఫోటోనా? తీసుకోండి. ఈ నిండు కప్పు కూడా కనపడేలా తియ్యండి."