ఒక్క లోడు మామిడికాయ, నలభై ఎంట్రీలు

ఆ రోజుల్లో మనిషి చెప్పే మాట కంటే తెర మీద కనబడే అంకెకు విలువ ఎక్కువన్న నమ్మకం మా వైపు కొత్తగా మొదలైంది. ఆ నమ్మకాన్ని ఊరూరా మోసుకెళ్లి స్తంభాలకు బిగించి రావడం నా ఉద్యోగం. తిరుపతిలో ఒక కెమెరాల దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఇరవై ఆరేళ్ల వయసు, భుజాన లాప్‌టాప్ సంచి, నడుముకు స్క్రూడ్రైవర్ల బెల్టు. ఆ బెల్టుతో బస్సెక్కితే కండక్టరు నన్ను కాస్త మర్యాదగా చూస్తున్నాడని నాకు అనిపించేది (చూసేవాడు కాదు, పక్కవాళ్లకు గుచ్చుకుంటోంది తీసి సంచిలో పెట్టమనేవాడు). ఇప్పుడు నలభై దాటి, జుట్టు పలచబడ్డాక, ఆనాటి ముచ్చట ఒకటి సరిదిద్దవలసి వచ్చింది. ఐరాల వైపు వెళ్లి ‘నలభై లోళ్ల పెద్దాయన’ ఇల్లు ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఒకే పూటలో నలభై ట్రాక్టర్ల మామిడికాయ గుజ్జు ఫ్యాక్టరీలోకి తోలి, కెమెరాకే టోపీ పెట్టిన మొనగాడని ఆయనకు పేరు. ఆయన ఎవరికీ టోపీ పెట్టలేదు. ఆ పూట జరిగింది ఇది.

చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీ. సీజన్లో తోతాపురి కాయతో ట్రాక్టర్లు గేటు ముందు రెండేసి రోజులు నిలబడేవి. రైతుకు రోజుకు ఒక్క లోడే అని అక్కడ నిబంధన. దళారులు రైతుల పేరు చెప్పి పదేసి లోడ్లు దించేస్తున్నారని, గేటు దగ్గర బండి నంబర్లు రాసుకునే వాచ్‌మన్‌కు బంధువులు మరీ ఎక్కువని మేనేజరుకు అనుమానం వచ్చింది. అందుకని నంబరు ప్లేటును తానే చదివి కంప్యూటర్లో ఎక్కించే కెమెరా కావాలన్నాడు. మా ఓనరన్న నన్ను పంపుతూ ఒకటే మాట పదిసార్లు చెప్పాడు. “లెన్సుకు రెండు స్క్రూలు ఉంటాయి. ముందు జూమ్ పెట్టు, నంబరు ప్లేటు తెరలో తగినంత పెద్దగా కనపడాల. ఆ తర్వాతే ఫోకస్. తిరగేసినావంటే జూమ్ కదిలినప్పుడల్లా ఫోకస్ పోతాది. రెండూ కుదిరినాక, అన్నిటికన్నా కడాన, లెక్క రాసే ప్రోగ్రాం ఆన్ చెయ్యి.” ఈ పని బాగా జరిగితే చుట్టుపక్కల ఫ్యాక్టరీల గేట్లన్నీ మనవే, జరగకపోతే నువ్వు వేరే పని చూసుకోవచ్చు అని కూడా అన్నాడు. అది మాత్రం ఒకేసారి చెప్పాడు, నాకు బాగా గుర్తుంది.

నేను వెళ్లింది శుక్రవారం. స్తంభానికి కెమెరా బిగించి, నిచ్చెన మీద నిలబడి లెన్సు మూత తీస్తున్నానో లేదో, మేనేజరు కొబ్బరికాయ, కర్పూరం, గంధం గిన్నెతో వచ్చేశాడు. ఆయన నగరి మనిషి, మాటలో అరవం తొంగిచూసేది. “అప్పా, పదిన్నరకు రాహుకాలం వచ్చేస్తాది. అంతలోపల ఆన్ చేసేయ్.” ఇంకా జూమ్ పెట్టలేదు, ఫోకస్ పెట్టలేదు సార్ అన్నాను. “అదంతా నిదానంగా పెట్టుకో. మంచి గడియలో మొదలైపోవాల, అంతే.” సరే అని దిగి లాప్‌టాప్‌లో ప్రోగ్రాం ఆన్ చేసి, మళ్లీ నిచ్చెనెక్కాను. కొబ్బరికాయ కొట్టారు. “గంధం నువ్వే పెట్టప్పా, పైన ఉండావు కదా” అని గిన్నె అందించాడు. ఏ యంత్రానికైనా ముఖాన బొట్టు పెట్టడం మనకు అలవాటే. కెమెరాకు ముఖం ఎక్కడుంటుంది? ముందున్న అద్దం మీద నిండుగా గంధం పెట్టి, మధ్యలో కుంకుమ అద్దాను. ఎంతో కళగా ఉంది. కెమెరా వచ్చింది కాబట్టి గేటు దగ్గర ఇక నీకేం పని అని వాచ్‌మన్‌ను యార్డులోకి తరిమి, మేనేజరు ఏసీ గదిలోకి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, “మొదలుపెట్టింది మధ్యలో ఆపబాకు, అరిష్టం” అన్నాడు.

క్యూలో మొదటి ట్రాక్టరు ఐరాల పెద్దాయనది. సన్నటి మనిషి, తలకు తువ్వాలు. వెనక ట్రాలీలో కాయల మీద గోనెపట్ట పరుచుకుని ఆయన భార్య కూర్చుని ఉంది. రెండు రోజులుగా అక్కడే ఉన్నారట. ఇంటి దగ్గర తోటలో ఇంకా ముప్పై చెట్ల కాయ కోతకు సిద్ధంగా ఉంది, ఈ లోడు దించితేగాని మళ్లీ కోయడానికి లేదు. “పెద్దాయనా, ఆ పసుపు గీత దాకా ఒకసారి రండి, నంబరు కనిపిస్తుందేమో చూస్తాను” అన్నాను. వచ్చాడు. తెర మీద నంబరు ప్లేటు పెసరట్టులా కనిపించింది. ఫోకస్ స్క్రూ తిప్పాను. పెసరట్టు కాస్తా ఊతప్పం అయింది. అప్పుడు జూమ్ తిప్పాను (ముందు తిప్పవలసింది ఇదేనని ఓనరన్న మాట అప్పుడు గుర్తొచ్చింది). ట్రాక్టరు మాయమై, రోడ్డవతల చింతచెట్టు కొమ్మ మీద కాకి లాంటి నల్ల మచ్చ వచ్చింది. “కొంచెం వెనక్కి పెద్దాయనా.” పోయాడు. “ఇప్పుడు ముందుకు.” వచ్చాడు. “బాగా కనపడతా ఉండానా నాయనా?” అని ఫొటోకు నిలబడినట్టు తువ్వాలు సర్దుకున్నాడు. మీరు కాదు, మీ నంబరు కనపడాలి అన్నాను. “రెండు దినాలుగా ఈడనే ఉండాను, నంబరు నన్నడిగితే నోటితో చెప్పనా?”

అలా వెనక్కి, ముందుకు, మళ్లీ వెనక్కి. నేను పైన స్క్రూ తిప్పడం, దిగి లాప్‌టాప్ చూడడం, మళ్లీ ఎక్కడం. వెనకున్న బండ్లవాళ్లు నీడ కోసం ట్రాలీల కిందికి దూరి పడుకున్నారు కాబట్టి నా విద్య చూసేవాళ్లు ఎవరూ లేరు. రెండు గంటలు గడిచాక ట్రాలీ మీది పెద్దమ్మ విసుగ్గా అంది, “అబ్బోడా, వచ్చిన కాన్నుంచి సూస్తాండా. ఆ అద్దానికి ముందర అంత గంధం పూసి పెట్టి, ఎనకాల ఎంత తిప్పినా దానికి కండ్లు యాడ కనపడతాయి?” నిచ్చెన జరిపి ముందు వైపు నుంచి ఎక్కి, చొక్కా అంచుతో అద్దం తుడిచాను. తిరిగి చూస్తే తెర మీద నంబరు, దాని మీది దుమ్ముతో సహా, అచ్చుగుద్దినట్టు కనిపించింది. నేను ఏదో కనిపెట్టిన శాస్త్రజ్ఞుడిలా రెండు చేతులూ ఎత్తాను. పెద్దమ్మ మాత్రం, “ఇంక లోపలికి పొమ్మంటావా, లేదా ఇంకో తూరి ఎనక్కి పొమ్మంటావా?” అంది.

పొమ్మన్నాను. ట్రాక్టరు కాటా దగ్గరికి పోయిందో లేదో, మేనేజరు కంప్యూటర్లోంచి తీసిన ఎంట్రీల కాగితంతో పరుగున వచ్చాడు. నేను మంచి గడియలో ప్రోగ్రాం ఆన్ చేశాను కదా, ఎండకు గంధం బీటలిచ్చిన సందుల్లోంచి కూడా అది మధ్యమధ్య నంబరు చదువుతూనే ఉంది. చదివిన ప్రతిసారీ ఒక ఎంట్రీ. పెద్దాయన ట్రాక్టరు పేర ముప్పై నాలుగు. “ఒక్క పూటలో ముప్పై నాలుగు లోళ్లా? రైతు అని నమ్మితే దళారీ పని చేస్తావా? ఈ సీజనంతా ఈ బండి బందు!”

పెద్దాయన తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. “సామీ, నేను వచ్చింది ఇదే మొదటి తూరి. ఈ అబ్బోడే ముందుకు రా, ఎనక్కి పో అన్నాడు. అడగండి.”

మేనేజరు నా వైపు తిరిగాడు. “నిజమాప్పా?”

అవును అంటే చాలు. ఒక్క మాట. కానీ ఫోకస్ పెట్టకముందే ప్రోగ్రాం ఎందుకు ఆన్ చేశావని మా ఓనరన్న అడుగుతాడు, గంధం అద్దం మీద ఎవరు పూశారని మేనేజరు అడుగుతాడు, వేరే పని చూసుకోమన్న మాట చెవిలో మోగుతోంది. “రెండు మూడు సార్లు అన్నాను సార్” అన్నాను. “ముప్పై నాలుగు అంటే… కెమెరా అబద్ధం చెప్పదు సార్.”

పెద్దాయన నన్ను తిట్టలేదు. ఆశ్చర్యంగా చూశాడు, అంతే. ఆ తర్వాత ఫ్యాక్టరీలో మిగతా ముప్పై మూడు లోడ్ల కాయ కోసం వెతుకులాట మొదలైంది. వాచ్‌మన్ యార్డంతా తిరిగి, అంత కాయ ఎక్కడా లేదు సార్ అన్నాడు. “అయితే దొంగతనం కూడానా!” అన్నాడు మేనేజరు. ఈలోగా వార్త క్యూలో పాకి, ట్రాలీల కింద పడుకున్న రైతులు లేచి వచ్చారు. “ముప్పై నాలుగు లోళ్లా! ఏం ఎరువు ఏసినావప్పా?” అని ఒకడు నిజంగానే అడిగాడు. పెద్దమ్మ ట్రాలీ మీద లేచి నిలబడింది. “సామీ, నా బండి ముప్పై నాలుగు తూర్లు లోపలికి వచ్చుంటే, మద్దిలో ముప్పై మూడు తూర్లు బయటికి పోయుండాల గదా. పోయినట్టు యాడ రాసుండాది?”

మేనేజరు ఆలోచించాడు. ఆ కాగితంలో బయటికి పోయినట్టు ఒక్కటీ లేదు. అది ఆయనకు మనశ్శాంతి లేకుండా చేసింది. చివరికి ఒక నిర్ణయానికొచ్చాడు. “సరి. లెక్క తేలేదాకా కాయ దించేది లేదు. ముప్పై మూడు సార్లు బయటికి పో. అప్పుడు సరిపోతాది.” పెద్దాయన ట్రాక్టరెక్కి వెనక్కి తోలాడు. గీత దాటింది. వెనక్కి పోయే బండికైనా నంబరు ముందువైపే ఉంటుంది కదా, కెమెరా చక్కగా చదివి ముప్పై అయిదో ఎంట్రీ రాసుకుంది. మళ్లీ ముందుకొచ్చాడు, ముప్పై ఆరు. నా ఫోకస్ అంత బ్రహ్మాండంగా కుదిరింది, ఇక ఒక్కటి తప్పిపోతే ఒట్టు. “పెరుగుతా ఉండాదే!” అని మేనేజరు అరుస్తున్నాడు. నేను నిచ్చెన మీద, పని ఉన్నవాడిలా, బిగించిన స్క్రూనే మళ్లీ బిగిస్తున్నాను. నలభై దగ్గర డీజిలు అయిపోయి, ట్రాక్టరు సరిగ్గా గేటు మధ్యలో ఆగిపోయింది.

వెనక ఎన్ని బండ్లో, అన్నీ ఒకేసారి హారన్లు కొట్టాయి. లోపలికి దారి లేదు, బయటికి లేదు. గత్యంతరం లేక రైతులంతా వరసగా నిలబడి బుట్టలు చేతులు మార్చుకుంటూ ఆ లోడు యార్డులోకి దించారు. ఆ ఒక్క లోడు అలా గట్టెక్కింది. బందు మాత్రం బందే. తోటలో ముప్పై చెట్ల కాయలో సగం చెట్టు కిందే పడి కుళ్లిందని, మిగతా సగం మండీలో ఇచ్చినకాడికి ఇచ్చేశారని తర్వాత తెలిసింది. నాకు మాత్రం ఓనరన్న మంచి పనివాడని బిర్యానీ పెట్టించాడు. తిన్నాను.

మొన్న ఐరాల వెళ్లి, ఆ పొద్దు అబద్ధం ఎందుకు ఆడానో వాళ్లిద్దరికీ అంతా చెప్పేశాను. పెద్దమ్మ నా మాట పూర్తయ్యేదాకా విని, “ఆ పొద్దే నోరు తెరిచుంటే ఆ ఏడు కాయ దక్కుండేది” అంది. నిజమే అన్నాను. “నోటితో చెప్తే ఎవురికి తెలస్తాది? నలుగురూ సదివేట్టు రాయి” అంది. రాసి, తీసుకెళ్లి చదివి వినిపించాను. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. ఆఖరికి ఇబ్బందిగా కదిలాడు. “అంతా బాగుండాది నాయనా. కానీ ఒక్క లోడే అంటే ఏమంత బాగలేదు. మనవళ్లు కూడా నలభై అనే చెప్పుకుంటా ఉండారు. ఓ పదైనా ఏసుకో.” కుదరదు పెద్దాయనా అన్నాను. “అయిదు?” కుదరదు. “పోనీ, రెండు?”

పెద్దమ్మ గుమ్మంలోంచి నన్నే చూస్తోంది. ఒకటే అన్నాను. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఈ ఒకటి ఆ పొద్దు చెప్పి ఉంటే ఎంతో సంతోషించేవాడు.